బొమ్మకు అంకె వేసిన మాస్టారు – కొమీనియస్

మన సంచికల్లో మహనీయుల జీవితాలు రాసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఫూలే జీవితాలు మనకు కంఠతా వచ్చు. ఈసారి మేము దూరదేశపు మాస్టారు ఒకాయన గురించి రాస్తున్నాం. డి.ఎడ్., బి.ఎడ్. చదివిన అన్నలకు ఆయన ఒక బిట్టు ప్రశ్న. ఆర్బిస్ పిక్టస్ గ్రంథకర్త ఎవరని అడిగితే కొమీనియస్ అని గుర్తు పెట్టి వచ్చేస్తారు. ఆ ఒక్క మార్కు వెనుక తల్లీతండ్రీ లేని ఒక పిల్లవాడు ఉన్నాడని, ఇల్లూ ఊరూ దేశమూ పోగొట్టుకున్న ఒక మనిషి ఉన్నాడని మనలో కొద్దిమందికే తెలుసు.

పుస్తకం చూడడమూ నేర్పాలా?

అక్షరాలు వస్తే పుస్తకం చదవడం వచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు. కథల పుస్తకానికి అది కొంతవరకు నిజం. మొదటి వాక్యం పట్టుకుంటే చాలు, చివరిదాకా కథే మనల్ని తీసుకుపోతుంది. సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం పుస్తకాలు అలా ఉండవు. అందులో పాఠం పేరు ఉంటుంది. దాని కింద చిన్న శీర్షికలు ఉంటాయి. పటం, పటంలో గీతలు, గీతల చివర పేర్లు, పటం కింద ఒక వాక్యం ఉంటాయి. పట్టికలుంటాయి. కొత్త మాట వస్తే లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. మొదట విషయసూచిక, పెద్ద పుస్తకమైతే చివర అకారాది క్రమంలో పదసూచిక ఉంటాయి. ఇవన్నీ పేజీకి వేసిన ముగ్గులు కావు. ఒక్కొక్కటీ ఒక్కొక్క పని చేస్తుంది.

ఆ పని ఏమిటో ఎవరో ఒకరు చూపించాలి. ఇంట్లో పుస్తకాలున్న పిల్లవాడికి నాన్నో అక్కో పక్కన కూర్చుని, ఇది గుండె, ఇది ఊపిరితిత్తి అని వేలు పెట్టి చూపిస్తారు. మన ఇళ్ళలో చాలావాటికి మొదట వచ్చిన పుస్తకం బడిలో ఇచ్చిన వాచకమే. వేలు పెట్టి చూపించేవాళ్ళు లేరు. అందుకే స్టడీ అవర్లో పటం ఉన్న పేజీ గబగబా తిరిగిపోతుంది. ప్రశ్నకు జవాబు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టుకుంటాం, ఆ బ్రాకెట్‌లో ఉన్నది బట్టీ పడతాం. తెలివి లేక ఇలా జరగడం లేదు, చూపించేవాళ్ళు లేక జరుగుతోంది.

మూడున్నర శతాబ్దాల కిందట ఈ లోటును కనిపెట్టి, వేలు పెట్టి చూపించే పనిని పుస్తకానికే అప్పగించిన మనిషి కొమీనియస్. ఆయన జీవితం తెలిస్తే, ఆ పని ఆయనే ఎందుకు చేశాడో కూడా తెలుస్తుంది.

అనాథ బాల్యం

ఆయన అసలు పేరు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. లాటిన్ పద్ధతిలో కొమీనియస్ అన్నారు. 1592 మార్చి 28న మొరావియా ప్రాంతంలో పుట్టాడు. ఇవాళ అది చెక్ రిపబ్లిక్ దేశంలో ఉంది. వాళ్ళ కుటుంబం యూనిటీ ఆఫ్ బ్రెదరెన్ అనే చిన్న ప్రొటెస్టెంట్ క్రైస్తవ సమాజానికి చెందింది. రాజ్యం చేసేవారిది కాథలిక్ మతం. సంఖ్యలో తక్కువ, అధికారంలో లేనివాళ్ళు అయిన ఆ సమాజం వాళ్ళకు చదువంటే మాత్రం ప్రాణం.

పన్నెండేళ్ళు వచ్చేసరికే తండ్రి పోయాడు. వెంటనే తల్లి, ఇద్దరు అక్కచెల్లెళ్ళు కూడా పోయారు. మేనత్త దగ్గర చేరాడు. 1605లో యుద్ధం వచ్చి ఆ ఊరూ తగలబడింది. ఆ రోజుల్లో పైచదువంటే లాటిన్. మనకు ఇవాళ ఇంగ్లీషు ఎలాగో అప్పుడు యూరపులో లాటిన్ అలాగ. కలిగినవాళ్ళ పిల్లలు చిన్నప్పుడే లాటిన్ బడిలో చేరేవారు. కొమీనియస్ ప్షెరోవ్ పట్టణంలోని లాటిన్ బడిలో చేరేనాటికి 1608వ సంవత్సరం, ఆయనకు పదహారేళ్ళు. చిన్న పిల్లల మధ్య పెద్దవాడుగా కూర్చుని మొదటి పాఠం మొదలుపెట్టాడు.

ఆలస్యంగా మొదలుపెట్టినందువల్ల ఆయనకు ఒక మేలు జరిగింది. చిన్నప్పుడే చేరినవాళ్ళకు బడి ఎలా ఉంటే అలాగే ఉండాలనిపిస్తుంది. పదహారేళ్ళవాడికి అందులోని లోపం కనిపిస్తుంది. మాస్టారు అర్థం కాని భాషలో వ్యాకరణ సూత్రాలు అదే భాషలో చెప్పేవాడు. పిల్లలు అవి వల్లెవేసేవారు. రాకపోతే బెత్తం. మాట వచ్చేది, ఆ మాట దేని గురించో తెలిసేది కాదు. బడులు పిల్లల బుర్రలకు కబేళాలుగా తయారయ్యాయని ఆయన జీవితమంతా బాధపడడానికి కారణం ఇదే.

సమాజం పెద్దలు ఆయన చురుకుదనం చూసి 1611లో జర్మనీలోని హెర్బోర్న్‌కు, తర్వాత హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి పంపించారు. హెర్బోర్న్‌లో ఆయనకు దొరికిన గురువు ఆల్స్‌టెడ్. లోకంలో ఉన్న విద్యలన్నిటినీ ఒక క్రమంలో అమర్చి విజ్ఞానసర్వస్వం తయారు చేయాలని పట్టుబట్టిన పండితుడు. తెలిసిన విషయాలు ఎన్ని ఉన్నా వాటిని ఒక వరుసలో పెట్టకపోతే కొత్తవాడికి దొరకవని కొమీనియస్ అక్కడ నేర్చుకున్నాడు. హైడెల్‌బర్గ్‌లో 1614లో ఆయన ఒక విచిత్రమైన పని చేశాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ స్వహస్తాలతో రాసిన గ్రంథం అసలు ప్రతిని కొనుక్కున్నాడు. ఆ సిద్ధాంతాన్ని ఆయన ఒప్పుకోలేదు, అయినా కొన్నాడు. ఆ ప్రతి ఇప్పుడు పోలండ్‌లోని క్రాకోవ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. అక్కడి నుంచి ఆయన కాలినడకన స్వదేశానికి వచ్చాడని జీవితచరిత్రలు చెబుతాయి.

పోగొట్టుకున్నవి

చదువు ముగించుకుని వచ్చి, తాను చదివిన బడిలోనే ఉపాధ్యాయుడయ్యాడు. 1616లో మతగురువయ్యాడు. 1618లో ఫుల్నెక్ అనే ఊళ్ళో బడి బాధ్యత, సమాజం బాధ్యత తీసుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడు యూరపును సర్వనాశనం చేసిన ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది. 1620 నవంబర్‌లో ప్రాగ్ నగరం దగ్గర వైట్ మౌంటెన్ యుద్ధంలో ప్రొటెస్టెంట్లు ఓడిపోయారు. మరుసటి ఏడు సైనికులు ఫుల్నెక్ మీద పడి దోచుకున్నారు. కొమీనియస్ భార్యాబిడ్డల్ని వదిలి అజ్ఞాతంలోకి వెళ్ళవలసి వచ్చింది. 1622లో అంటువ్యాధికి భార్య, ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. 1623లో ఆయన పుస్తకాలను పట్టణం నడిబొడ్డున తగలబెట్టారు.

1627లో మతం మార్చుకోండి, లేదా దేశం విడిచి పొండి అని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. 1628లో కొమీనియస్ తన సమాజం వాళ్ళతో కలిసి సరిహద్దు దాటి పోలండ్‌లోని లెష్నో పట్టణం చేరాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరేళ్ళు. ఆ తర్వాత నలభై రెండేళ్ళు బతికాడు. మళ్ళీ స్వదేశంలో కాలు పెట్టలేదు.

దేశం పోయినవాడు ఏం చేస్తాడు? ఆయన బడిలో పాఠం చెప్పాడు. తిరిగి వెళ్ళే రోజు వస్తే పిల్లలకు ఎలాంటి బడి కావాలో ముందే రాసి పెట్టాలని, తన చెక్ భాషలో ఒక పెద్ద బోధనాశాస్త్ర గ్రంథం రాశాడు. దాన్నే తర్వాత లాటిన్‌లో గ్రేట్ డిడాక్టిక్ పేరుతో తీసుకొచ్చాడు. మగపిల్లలు, ఆడపిల్లలు, ధనవంతుల పిల్లలు, పేదల పిల్లలు, నగరాల్లోనివారు, పల్లెల్లోనివారు అందరూ బడికి పోవాలని అందులో వాదించాడు. మందబుద్ధి అని పక్కన పెట్టిన పిల్లలకే బడి ఇంకా ఎక్కువ అవసరమన్నాడు. మొదట తల్లిభాషలో చదువు, తర్వాతే పరాయిభాష అన్నాడు. పాఠం రానందుకు పిల్లల్ని కొట్టకూడదన్నాడు. దండన ప్రవర్తన చెడినప్పుడే తప్ప చదువు కోసం కాదన్నాడు. ఇవాళ ఇవన్నీ మామూలు మాటలుగా కనిపిస్తాయి. 1630ల నాటికి యూరపులో వీటిని నమ్మినవాళ్ళు ఎంతో తక్కువ.

వెయ్యి వాక్యాల పుస్తకం

1631లో లెష్నోలో ఆయన లాటిన్ నేర్చుకోవడానికి ఒక పుస్తకం వేశాడు. పేరు జాన్వా. అంటే ద్వారం. నూరు అధ్యాయాలు, వెయ్యి వాక్యాలు. సూత్రాలతో మొదలుపెట్టకుండా నిప్పు, నీరు, రాళ్ళు, చెట్లు, శరీరం, ఇల్లు, చేతిపనులు అని లోకంలో ఉన్నవాటిని ఒక వరుసలో పెట్టి, ఒక్కొక్క దాని గురించి చిన్న చిన్న వాక్యాలు రాశాడు. ఆ పుస్తకం యూరపంతా పాకింది. పదికి పైగా భాషల్లోకి వెళ్ళింది. దేశం లేని మాస్టారు పేరు దేశదేశాలకూ తెలిసింది. 1641లో ఇంగ్లండ్ పిలిచింది. వెళ్ళాడు కానీ అక్కడ అంతర్యుద్ధం కమ్ముకొచ్చింది. 1642లో బయలుదేరి స్వీడన్ వైపు వెళ్ళాడు. దారిలో హాలండ్‌లో తత్వవేత్త డెకార్ట్‌ను కలిశాడు. తర్వాత ఆరేళ్ళు స్వీడన్ బడుల కోసం పాఠ్యపుస్తకాలు రాశాడు. 1648లో యుద్ధం ముగిసింది. సంధి పత్రంలో ఆయన ప్రజలు ఇంటికి తిరిగి రావడానికి దారి లేదు. ఆ ఏడే రెండవ భార్య కూడా చనిపోయింది.

ఇంత పేరు తెచ్చిన జాన్వా పుస్తకంతో ఆయనకు తృప్తి కలగలేదు. దానికంటే తేలికైన పుస్తకం ఇంకొకటి రాశాడు. అయినా చిన్న పిల్లలకు అది బరువుగానే ఉంది. వాక్యం చిన్నదైనా, ఆ వాక్యం చెప్పే వస్తువు పిల్లవాడి కళ్ళ ముందు లేదు. చూడని వస్తువు పేరు నేర్చుకున్న పిల్లవాడు ఒక శబ్దం మాత్రమే నేర్చుకుంటాడు. అదే వల్లెవేతకు మూలం.

పటం, పేరు, వివరణ, వాటిని కలిపే అంకె

1650లో హంగరీలోని షారోష్‌పటక్ అనే ఊరి బడిని బాగు చేయమని అక్కడి ప్రభువుల కుటుంబం పిలిచింది. నాలుగేళ్ళు అక్కడ పనిచేశాడు. పాఠాలను నాటకాలుగా మార్చి పిల్లల చేత ఆడించాడు. అక్కడే బొమ్మల పుస్తకం సిద్ధం చేశాడు. ఆ బొమ్మలు చెక్కగల పనివాళ్ళు ఆ ప్రాంతంలో దొరకలేదు. రాతప్రతి జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు వెళ్ళింది. మిఖాయెల్ ఎండ్టర్ అనే ముద్రాపకుడు 1658లో దాన్ని అచ్చువేశాడు. అదే ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్. కళ్ళకు కనిపించే లోకం బొమ్మల్లో అని అర్థం.

అందులో 150 పాఠాలున్నాయి. ప్రతి పాఠానికి ఒక వరుస సంఖ్య, ఒక పేరు, ఒక చెక్కబొమ్మ, కింద చిన్న వాక్యాలు. వాక్యాలు రెండు వరుసల్లో పక్కపక్కన ఉంటాయి. ఒక వరుసలో లాటిన్, దాని పక్కనే పిల్లవాడి తల్లిభాష జర్మన్. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడే మనకు, పక్కన తల్లిభాష ఉండడం ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పుస్తకంలో అసలు విశేషం అంకెల్లో ఉంది. బడి అనే పాఠం చూద్దాం. బొమ్మలో ఒక గది. గదికి 1, మాస్టారికి 2, ఆయన కుర్చీకి 3, పిల్లలకు 4, బల్లలకు 5, సుద్దతో రాసే పలకకు 6. కింది వాక్యంలో మాస్టారు అన్న మాట రాగానే పక్కన 2 ఉంటుంది. కుర్చీ అన్న మాట పక్కన 3. పిల్లవాడు మాట దగ్గర అంకె చూసి బొమ్మలోకి వెళతాడు, బొమ్మలో వస్తువు చూసి మళ్ళీ మాట దగ్గరికి వస్తాడు. అల్లరి చేసేవాళ్ళకీ ఒక అంకె ఉంది, బెత్తానికీ ఒక అంకె ఉంది.

ఈ ఏర్పాటును ఆయన పిల్లల ఊహకు వదిలేయలేదు. ముందుమాటలోనే వివరించాడు. ఈ పుస్తకంలో మూడు భాగాలున్నాయి, బొమ్మలు, వాటి పైన పేర్లు, వాటి వివరణలు అని చెప్పి, ఏది ఏం చేస్తుందో, అంకె వాటిని ఎలా కలుపుతుందో రాశాడు. పుస్తకం చివర శీర్షికల సూచిక కూడా ఉంది. మన పాఠ్యపుస్తకంలో పటాన్ని, పటంలోని భాగాల పేర్లను, పాఠాన్ని కలిపి ఎలా చదవాలో పిల్లలకు చెప్పాలని ఇవాళ ఉపాధ్యాయ శిక్షణలో నేర్పుతున్నారు కదా, దానికి ఇంత పాత ముందుమాట ఉంది.

ఎలా వాడాలో కూడా చెప్పాడు. బడికి పోకముందే ఇంట్లో పిల్లల చేతికి ఈ పుస్తకం ఇవ్వాలి, బొమ్మలు వాళ్ళిష్టం వచ్చినట్టు చూసుకోనివ్వాలి. తర్వాత, చూసిన ప్రతి వస్తువుకూ పేరు చెప్పమని అడగాలి, పేరు చెప్పిన ప్రతి వస్తువునూ చూపించమని అడగాలి. బొమ్మతో ఆగకూడదు, వీలైతే అసలు వస్తువునే చూపించాలి. పిల్లలు ఆ బొమ్మలను తమ చేత్తో గీసుకోవాలి. ఎందుకంటే గీసేవాడు ప్రతి గీతనూ చూడక తప్పదు.

అక్షరాలు నేర్పే పేజీలోనూ ఇదే ఉపాయం. ప్రతి అక్షరం పక్కన ఒక బొమ్మ. కాకి అరుపు ఒక అక్షరానికి, గొర్రెపిల్ల అరుపు ఒక అక్షరానికి, పాము బుస ఒక అక్షరానికి. బొమ్మ చూస్తే అరుపు గుర్తొస్తుంది, అరుపు గుర్తొస్తే అక్షరం పలుకుతుంది. కంటికి కనిపించని వాటిని కూడా ఆయన వదిలిపెట్టలేదు. మనిషి ఆత్మ అనే పాఠానికి, పరచిన గుడ్డ మీద చుక్కలతో మనిషి ఆకారం గీయించాడు. ఉన్నదీ కానీ కనబడనిదీ అని పిల్లవాడికి ఆ చుక్కలే చెబుతాయి.

చెప్పులు కుట్టే పనికి ఒక పేజీ

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఆపిన పేజీలు చేతిపనులవి. ఆ పుస్తకంలో రొట్టెలు కాల్చేవాడు, నేతపనివాడు, వడ్రంగి, తాపీమేస్త్రి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చెప్పులు కుట్టేవాడు ఉన్నారు. చెప్పులు కుట్టేవాడి బొమ్మలో ఆరెకు ఒక అంకె, దారానికి ఒక అంకె, అచ్చుకు ఒక అంకె, తోలుకు ఒక అంకె, తోలు కోసే కత్తికి ఒక అంకె. రాజుగారి సింహాసనానికి ఎలా అంకె వేశాడో ఆరెకూ అలాగే వేశాడు. పండితుల భాష అయిన లాటిన్‌లో ఆరెకు పేరు రాసి, జమీందారు కొడుకు చేత కూడా నేర్చుకోమన్నాడు.

మన తాతల చేతుల్లో ఉన్న పనిముట్లు పాఠ్యపుస్తకం పేజీలోకి రావడం చిన్న విషయం కాదు. పుస్తకంలో తన ఇంటి వస్తువు కనిపించిన పిల్లవాడికి పుస్తకం పరాయి ఇల్లులా ఉండదు. అందులో తనకూ ఒక అంకె ఉందనిపిస్తుంది.

అంకె వేసినంత మాత్రాన నిజం కాదు

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. కొమీనియస్ మహనీయుడే కానీ తన కాలం మనిషి కూడా. ఆ పుస్తకం చివరి పాఠాల్లో ఇతర మతాల గురించి రాసిన చోట ఆయన కలం వంకర పోయింది. ఇండియన్లు దయ్యాన్ని పూజిస్తారని ఒక బొమ్మ వేయించి, దానికీ అంకె వేశాడు. ఆ రోజుల్లో యూరపువాళ్ళు మన దేశస్థులనూ, అమెరికా ఆదివాసులనూ అదే పేరుతో పిలిచేవారు. ఇద్దరిలో ఎవరినీ ఆయన చూడలేదు. చూసినదే నేర్పాలని జీవితమంతా చెప్పిన మాస్టారు, చూడని మనుషుల మీద విన్న మాట అతికించాడు. పరాయివాళ్ళ చేత అలాంటి మాటలు పడి దేశం విడిచిన మనిషే ఈ పని చేయడం మరీ బాధ కలిగిస్తుంది.

ఇది మనకు పెద్ద పాఠం. పటం కింద పేరు ఎంత చక్కగా ఉన్నా, దాన్ని ఒక మనిషి రాశాడు. ఎవరో రాసి అతికించిన పేర్లను తరతరాలుగా మోసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం మనం. అందుకని పటం కింది మాట చదవడం ఎంత అవసరమో, ఈ మాట ఎవరు రాశారు, చూసి రాశారా, విని రాశారా అని అడగడం కూడా అంతే అవసరం. శీర్షికను గుర్తుపట్టినవాడు సగం చదివినట్టు. శీర్షికను ప్రశ్నించగలిగినవాడు పూర్తిగా చదివినట్టు.

మళ్ళీ మంట

బొమ్మల పుస్తకం ఇంకా అచ్చులో ఉండగానే ఆయన మీద ఇంకో దెబ్బ పడింది. 1654లో లెష్నోకు తిరిగి వచ్చాడు. అప్పుడు స్వీడన్ రాజు పోలండ్ మీద దండెత్తాడు. ఆ రాజు వల్ల తన ప్రజలకు మేలు జరుగుతుందన్న ఆశతో కొమీనియస్ ఆయన్ని పొగుడుతూ రాశాడు. ఆశ్రయం ఇచ్చిన పోలండ్ వాళ్ళకు అది కోపం తెప్పించింది. 1656 ఏప్రిల్‌లో పోలండ్ సేనలు లెష్నోను తగలబెట్టాయి. ఇల్లు పోయింది. గ్రంథాలయం పోయింది. విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా కూర్చుకొచ్చిన చెక్ – లాటిన్ నిఘంటువు రాతప్రతి బూడిదైపోయింది. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ధనవంతుడైన అభిమాని ఆశ్రయం ఇచ్చాడు. ఆ నగరం 1657లో ఆయన విద్యా రచనలన్నిటినీ నాలుగు భాగాలుగా అచ్చువేయించింది. మరుసటి ఏడు బొమ్మల పుస్తకం వెలువడింది. 1659లోనే ఇంగ్లండ్‌లో చార్లెస్ హూల్ అనే ఉపాధ్యాయుడు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. కొమీనియస్ 1670 నవంబర్ 15న కన్నుమూశాడు. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరలోని నార్డెన్ పట్టణంలో సమాధి చేశారు. ఆయన తల్లిభాష చెక్‌ను కూడా చేర్చి బొమ్మల పుస్తకం వేసిన ముద్రణ 1685లో, ఆయన పోయిన పదిహేనేళ్ళకు వచ్చింది.

తర్వాత ఆ పుస్తకం దాదాపు రెండు వందల ఏళ్ళు యూరపు పిల్లల చేతుల్లో తిరిగింది. జర్మన్ మహాకవి గోథే చిన్నతనంలో చూసిన పుస్తకాల్లో ఇదొకటి. లోకం మొత్తాన్ని సంస్కరించడం గురించి ఆయన రాసిన మహాగ్రంథం రాతప్రతులు 1930లలో జర్మనీలోని హాలే నగరంలో బయటపడ్డాయి. యునెస్కో 1957లో ఆయన రచనల ఎంపికను ప్రచురించింది. చెక్ రిపబ్లిక్ ఆయన పుట్టిన మార్చి 28ని ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటుంది. మనం సెప్టెంబర్ 5న రాధాకృష్ణన్ గారిని తలుచుకున్నట్టే. ఆ దేశపు 200 కొరునాల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే. బతికినన్నాళ్ళు రానివ్వని దేశం, నోటు మీద పెట్టుకుంది.

మన స్టడీ అవర్లో ఏం చేయవచ్చు?

మహనీయుల జీవితం చదివి చప్పట్లు కొట్టి లేచిపోతే లాభం లేదు. కొమీనియస్ చెప్పిన పనుల్లో మన హాస్టల్లో పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ చదివే తమ్ముళ్ళు ఒక్కొక్కరు ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్ళను ఇద్దరేసి చొప్పున పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

కొత్త పాఠం మొదలుపెట్టే రోజు ఒక్క వాక్యమూ చదవకండి. శీర్షిక, ఉపశీర్షికలు, పటాలు, వాటి కింది మాటలు మాత్రమే చూసి, ఈ పాఠం దేని గురించి అయి ఉంటుందో తమ్ముడిని చెప్పమనండి. ఆ తర్వాత చదవమనండి. చదివేటప్పుడు తన అంచనా ఎక్కడ నిజమైందో, ఎక్కడ తప్పిందో వాడే వెతుక్కుంటాడు.

పటంలోని పేర్ల మీద కాగితం ముక్కలు పెట్టి మూసేయండి. వేలు పెట్టి చూపిస్తే పేరు చెప్పాలి, పేరు చెబితే వేలు పెట్టి చూపించాలి. కొమీనియస్ పరీక్ష ఇదే. గుండె పటం, పువ్వు భాగాలు, మన రాష్ట్ర నదులు ఏవైనా సరే.

విషయసూచికతో పందెం పెట్టండి. ఒక మాట చెప్పి, అది ఏ పాఠంలో ఉండవచ్చో, ఏ పేజీలో మొదలవుతుందో ఎవరు ముందు చెబుతారో చూడండి. లైబ్రరీలోని పెద్ద పుస్తకంలో పదసూచిక ఉంటే ఆ పందెం ఇంకా బాగుంటుంది. పోటీ పరీక్షల పుస్తకం ఆరు వందల పేజీలు చూసి భయపడేవాడికీ, అందులో తనకు కావలసిన నాలుగు పేజీలు రెండు నిమిషాల్లో తీసేవాడికీ ఉన్న తేడా తెలివిలో లేదు, ఈ అలవాటులో ఉంది.

ఆఖరిది గీయడం. మన హాస్టల్ వంటగది బొమ్మ గీయండి. గుండిగకు 1, గరిటెకు 2, బియ్యం బస్తాకు 3, నీళ్ళ డ్రమ్ముకు 4, వంట చేసే అన్నకు 5. కింద తెలుగులో ఒక వరుస, ఇంగ్లీషులో ఒక వరుస వాక్యాలు రాసి, మాటల పక్కన అంకెలు వేయండి. సొంతంగా ఇలాంటి ఒక్క పేజీ తయారు చేసిన పిల్లవాడు ఇక ఏ పుస్తకంలోనూ పటం ఉన్న పేజీని చూడకుండా తిప్పడు. అవి ఎంత కష్టపడి పెడతారో, ఎందుకు పెడతారో వాడికి తెలుసు.

తల్లిదండ్రులు లేకుండా పెరిగి, పదహారేళ్ళకు పెద్ద బడిలో చేరి, రెండుసార్లు పుస్తకాలు కాలిపోగా చూసిన మనిషి, పక్కన ఎవరూ లేని పిల్లవాడు కూడా ఒంటరిగా చదువుకోగలిగిన పుస్తకం చేసి పెట్టి వెళ్ళాడు. మన ఇళ్ళలో వేలు పెట్టి చూపించేవాళ్ళు ఉండకపోవచ్చు. మన హాస్టల్లో ఆ వేలు మనమే కావచ్చు. ఈ రాత్రి స్టడీ అవర్ నుంచే మొదలుపెడదాం.